జీలుగు చెట్టు కింద బూడిద

మొన్న శుక్రవారం బడికి వెళ్తూ మలుపు దగ్గర ఆగిపోయాను. జీలుగు చెట్టు మొదట్లో ఎవరో కొత్తగా బూడిద చల్లారు. చుట్టూ మూరెడు వెడల్పున, ఎక్కడా సందు లేకుండా, ముగ్గు వేసినంత శ్రద్ధగా చల్లారు. ఏడాదిన్నరగా ఆ చెట్టు కింద గడ్డి తప్ప ఇంకేమీ లేదు. చల్లింది కల్లు గీసే తాత మనవరాలి భర్త అని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం అలవాటు కొద్దీ తల పైకెత్తి, "నేనే తాతా" అనేశాను. పైన ఎవరూ లేరు.

మా అరకు కొండల్లో తాటిచెట్టు పనీ ఈతచెట్టు పనీ జీలుగే చేస్తుంది. చలికాలంలో గెల కోసి కుండ కడితే తెల్లారేసరికి కల్లు నిండుతుంది. బడికి వెళ్లే కాలిబాట పక్కనున్న నాలుగు జీలుగు చెట్లూ ఆయనవే. ఊరంతా తాత అనేవారు, నేనూ అదే అన్నాను. మొదట్లో ఒకసారి పేరు అడిగాను. "ఎందుకి, రాసుకోడానికా?" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

బూడిద దొంగల కోసం. సాయంత్రం చల్లి వెళ్లి పొద్దున్నే వచ్చి వంగి చూసుకునేవాడు. అందులో పడిన పాదాన్ని బట్టి వచ్చిందెవరో, చెట్టెక్కారో, ఎక్కుదామా వద్దా అని నిలబడి వెళ్లిపోయారో చెప్పేవాడు. ఊళ్లో ఎవరి పాదం ఏదో ఆయనకు కంఠతా వచ్చు. చెప్పులు వేసుకొచ్చినా లాభం లేదు, ఎవరి చెప్పు ఎటు అరిగిందో కూడా తెలుసు. కుండ మూతికి అడవి తీగతో ముడి వేసేవాడు. ఎడమచేతివాటం ముడి, పైన ఒక మెలిక. ఆ మెలిక రోజూ ఒకేలా ఉండేది కాదు.

ఎవరేం చెప్పినా ఎడమ కన్ను సగం మూసి, మెడ కాస్త పక్కకు వంచి, "అలాగంతావా" అనేవాడు. ఔననడు, కాదనడు. వాన వచ్చేలా ఉంది తాతా అంటే, అలాగంతావా. నిన్న నాకు జ్వరం తాతా అంటే, అలాగంతావా. ఆ మాట విన్నాక తనకు నిజంగా జ్వరం వచ్చిందా అని చెప్పినవాడికే అనుమానం పుట్టేది. ఫోన్ అంటే అస్సలు పడదు. "మొకం అగుపడకుండా మాటాడీవోడ్ని ఎలాగ నమ్మీది" అనేవాడు. ఊరికొచ్చే నర్సమ్మ ఒకసారి జ్వరం బిళ్ళ ఇస్తే, "ముందు నువ్వొకటి మింగు తల్లీ" అన్నాడట. పాపం, ఆవిడ మింగిందట.

అది పూర్తిగా ఆయన పిచ్చి కాదు. ఈ కొండల్లో కల్లు ఇచ్చేవాడు నేల మీద నాలుగు చుక్కలు వదిలి, ముందు తనొక గుక్క తాగి, ఆ తర్వాతే ఎదుటివాడికి ఆనప బుర్ర అందిస్తాడు. ఇందులో ఏమీ కలపలేదని తాగి చూపించడం అన్నమాట. మర్యాద. తాత మాత్రం ఆ మర్యాదను కల్లుతో ఆపలేదు. టీ అయినా, బిస్కెట్ అయినా, మంచినీళ్లయినా, ఇచ్చినవాడు ముందు నోట్లో పెట్టుకోవాలి. అప్పుడు ఆయన మొహం చూసేవాడు కాదు, గొంతు చూసేవాడు. గుటక పడితేనే చెయ్యి చాపేవాడు.

నేను విజయనగరం పక్క పల్లె నుంచి ఈ ఆశ్రమ పాఠశాలకు జీవశాస్త్రం మేస్టరుగా వచ్చినప్పుడు నా బరువు నూట ముప్పై రెండు కిలోలు. వయసు ముప్పై నాలుగు. రోడ్డు కిందే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి బడికి పది నిమిషాల ఎక్కుడు. నాకు అరగంట పట్టింది. ఈ మలుపు దగ్గర రొప్పుతూ నిలబడితే చెట్టు మీంచి గొంతు వినిపించింది.

"ఎవులది?"

"కొత్త మేస్టర్ని."

"మేస్టరువా. ఏనుగు దిగినాదేటో అనుకున్నాను."

చరచరా దిగి వచ్చాడు. పొట్టి మనిషి, కాళ్లు మాత్రం ఎండు కర్రల్లా గట్టిగా ఉన్నాయి. నన్ను కింది నుంచి పైదాకా రెండుసార్లు చూసి, "ఇంత ఒళ్లు ఎలాగొచ్చినాది బాబూ? గుంటల కోడిగుడ్లు నువ్వు తినీత్తన్నావేటి?" అన్నాడు.

మా బడిలో పిల్లలకి గుడ్డు పెడతారు. నేను అప్పుడే వస్తున్నాను, వంటగది ఏ వైపుందో కూడా తెలియదు. ఒళ్లు మండిపోయింది. లేదన్నాను. ఎడమ కన్ను సగం మూసి, "అలాగంతావా" అన్నాడు.

ఆ మాట నన్ను ముల్లులా పట్టుకుంది. పిల్లలతో కూర్చుని తినడం మానేశాను, గదిలో తలుపేసుకుని తిన్నాను. తలుపేసుకుంటే మనిషి ఇంకా ఎక్కువ తింటాడు. మరోవైపు ఆ ముసలాయన చేత ఆ మాట వెనక్కి తీయించాలని పంతం పట్టుకుంది. శుక్రవారం అరకు సంత. కల్లు సంతకు పంపేశాక పొద్దున్న ఆయన చెట్టు కింద ఖాళీగా కూర్చునేవాడు. నేను బడికి వెళ్తూ ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లేవాణ్ణి. ముందు నేను ఒక గ్లాసు రెండు గుక్కల్లో తాగి చూపించాలి, తర్వాత ఆయన తాగాలి. మూడేళ్లు తాగాం. గుడ్ల మాట ఆయన ఎత్తలేదు, వెనక్కీ తీసుకోలేదు.

నాలుగో ఏడు దసరా సెలవులకు విశాఖపట్నం వెళ్లి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నాను. పొట్టకు అయిదు చిన్న కన్నాలు పెట్టి, కడుపులో ముప్పాతిక భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. బరువు తగ్గడానికి. అక్కకీ బావకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. సామ అన్నం తిని కాఫీ బస్తాలు నెత్తిన పెట్టుకుని కొండలెక్కే మనుషుల మధ్య, వాళ్ల పిల్లలకు పాఠం చెప్పే మేస్టరు తిండి ఆపుకోలేక కడుపు కోయించుకున్నాడని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పైగా అది తాత చెవిన పడితే గుడ్ల కథకు సాక్ష్యం దొరికినట్టే. నాకు టైఫాయిడ్ అని హెడ్మాస్టరు గారికి చెప్పి నెల సెలవు పెట్టాను.

ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రివాళ్లు ఒక కాగితం ఇచ్చారు. జ్వరం, గుండెదడ, ఎడమ భుజంలో నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా రావాలి. వాంతులు రెండు రోజులకు మించి ఆగకపోతే రావాలి. కాళ్లు తిమ్మిరెక్కినా, నడక తూలినా, చూపు తేడాగా ఉన్నా రావాలి. విటమిన్లు మానకూడదు. అన్నీ తెలుగులోనే ఉన్నాయి, చివరి మాట కింద ఎర్ర గీత కూడా ఉంది. ఎవరైనా చూస్తారని ఆ కాగితాన్ని ట్రంకు పెట్టె అడుగున, పరిచిన పాత పేపరు కింద దాచాను. దాచాక నేనూ మళ్లీ చూడలేదు.

నవంబరు చివర్లో వాంతులు మొదలయ్యాయి. ముద్ద దిగినట్టే దిగి, రొమ్ము దగ్గర ఆగి, వెనక్కి వచ్చేది. తొలి రోజుల్లో భయపడ్డాను. తర్వాత సంతోషించాను. ప్యాంట్లు రెండుసార్లు బిగించి కుట్టించాను. ఆపరేషన్ బ్రహ్మాండంగా పనిచేస్తోందనుకున్నాను. విటమిన్ బిళ్ళ మింగితే అదీ బయటికే వచ్చేది, మానేశాను. అక్క ఫోన్ చేస్తే "భలే ఉన్నానే" అనేవాణ్ణి. తోటి మేస్టర్లు చెయ్యి కలిపి మెచ్చుకున్నారు.

తాత ఒక్కడే మెచ్చుకోలేదు.

"ఏటి బాబూ, సగం మనిషివి అయిపోనావు."

"పొద్దున్నే నడుస్తున్నాను తాతా. రోడ్డు మీద."

"అలాగంతావా. రోడ్డు మీద నీ అడుగు నాకెక్కడా అగుపడనేదే."

ఆ శుక్రవారం టీ పోసుకుని, మామూలుగా ముందు నేను తాగాను. తాగానంటే రెండు చుక్కలు పెదవులకు తడి చేసి గ్లాసు దించాను. అంతకంటే దిగదు. ఆయన నా గొంతు చూస్తూనే ఉన్నాడు. తన గ్లాసు నేల మీద పెట్టేశాడు.

"పిట్ట తాగినట్టు తాగినావు. ఇందులో ఏటి కలిపినావు?"

"ఏమీ కలపలేదు తాతా. చక్కెర, పాలు."

"నువ్వు తాగంది నానెలాగ తాగీది?"

పంతానికి పోయి గ్లాసెడు టీ గటగటా తాగేశాను. గుటకలు లెక్క పెట్టుకోమని గొంతు ఎత్తి మరీ చూపించాను. లేచి పది అడుగులు వేశానో లేదో కడుపులో ఉన్నదంతా పొద పక్కన కక్కేశాను. వెనక్కి తిరిగి చూస్తే తాత తన గ్లాసులో టీని కాలువలోకి వంచేస్తున్నాడు. ఆ తర్వాత రెండు వారాలు నాతో మాట్లాడలేదు. చంపడానికి చూశాననే అనుకుని ఉంటాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మాట్లాడకపోయినా చూడటం మానలేదు. జీలుగు చెట్టు మీంచి మా క్వార్టర్ల పెరళ్లన్నీ కనిపిస్తాయి. ఆ సంగతి నాకు తట్టలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఎండ బాగుందని పెరట్లో నీళ్లు పోసుకున్నాను. మర్నాడు దారిలో అడ్డం నిలబడ్డాడు.

"నీ పొట్ట మీద అయిదు మచ్చలేటి బాబూ?"

"చిన్నప్పుడు అమ్మవారు పోసింది" అన్నాను.

"అమ్మోరు పొట్ట మీదే ఆగిపోనాదా? మొకానికి రానేదా?"

పక్కకు తప్పుకుని పోయాను. ఆ ముసలాయన నా మీద కాపలా కాస్తున్నాడని కోపం వచ్చింది. నా రహస్యం పట్టుకుని ఊరంతా చాటుతాడని భయం వేసింది. ఆయన నన్ను నమ్మడు, నేను ఆయన్ని నమ్మను. అయినా ప్రతి ఉదయం ఒకే దారిలో ఎదురుపడాలి.

జనవరి వచ్చేసరికి పాదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. అరకు చలికి కాళ్లు తిమ్మిరెక్కడం ఏం వింత? రెండు జతల మేజోళ్లు తొడుక్కున్నాను. బోర్డు మీద గీసిన ఒక గీత రెండుగా కనిపిస్తే కళ్లజోడుకు పొగమంచు పట్టిందనుకుని తుడుచుకున్నాను. చలి, మంచు, ఈ రెండూ ఉన్న ఊళ్లో ఏ జబ్బయినా కొన్నాళ్లు హాయిగా దాక్కోవచ్చు. ఆ వారమే ఎనిమిదో తరగతికి విటమిన్ల పాఠం చెప్పాను. బీ ఒకటి లోపిస్తే బెరిబెరి, వాంతులు, కాళ్లలో పట్టు తప్పడం అని బోర్డు మీద రాశాను. రాసి, పడిపోకుండా ఆ బోర్డునే పట్టుకుని నిలబడ్డాను.

నా నడక చూసి పిల్లలు వెనక నవ్వుకోవడం వినిపించేది. ఒక సాయంత్రం హెడ్మాస్టరు గారు గదికి పిలిచారు. పెద్దమనిషే, చెడ్డవాడు కాదు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నారు.

"మేస్టారూ, జీలుగు సీజన్లో ఇక్కడికొచ్చిన మైదానం వాళ్లు ఒకసారి జారతారు, అది నాకు తెలుసు. శుక్రవారం శుక్రవారం ఆ చెట్టు కింద కూర్చుంటున్నారట. ఇంకో ఫిర్యాదు వస్తే నేను పైకి రాయక తప్పదు."

"నేను కల్లు ముట్టనండీ. టీ తాగుతాను అక్కడ."

"కల్లు చెట్టు కింద టీ" అని ఆయన నా వంక జాలిగా చూశారు. నిజం చెప్పే అవకాశం అప్పుడు ఉంది. ఆపరేషన్ అయిందండీ అంటే సరిపోయేది. ఉద్యోగం పోతుందన్నా కూడా ఆ మాట నోటికి రాలేదు. తాగుబోతు అనిపించుకోవడమే నయం అనిపించింది, అంత సిగ్గు.

ఈ ప్రచారం చేసింది తాతేనని నాకు నమ్మకం. మర్నాడు పొద్దున్నే కడిగేద్దామని బయల్దేరాను. ఆయన చెట్టు కింద గొంతుక్కూర్చుని బూడిద చూస్తున్నాడు. నేను అనబోయేలోగా, "ఇలాగ రా బాబూ. ఇది నీ అడుగేనా?" అన్నాడు.

ముందురోజు సాయంత్రం దారి సరిగా కనపడక అందులో నడిచినట్టున్నాను. "నాదే. అయితే ఏంటి? ఊరంతా నేను తాగుతున్నానని చెప్పింది నువ్వేగా?"

"నానెవులికీ సెప్పనేదు" అన్నాడు తల ఎత్తకుండా. "నా కల్లు తాగినోడి అడుగు నాకు తెలీదేటి? తాగినోడు అటొకటి ఇటొకటి ఏత్తాడు, మళ్లీ సరిసేసుకుంతాడు. నీది సూడు. రెండడుగులూ ఎడంగా పడతన్నాయి, పసిగుంటడు నడక నేర్సుకున్నట్టు. ముందు కాలి ఏళ్లు ఈడుసుకుంతన్నాయి, ఆనక మడమ పడతాంది. ఇంకోటి. తాగినోడు నిద్దరోయి లేత్తే సక్కబడతాడు. నువ్వు నిద్దర లేసి వత్తన్నప్పుడే ఎక్కువ తూలతన్నావు."

ఆయన లేచి నా దగ్గరగా వచ్చి, మొహంలో మొహం పెట్టి వాసన చూశాడు. తర్వాత గొంతు బాగా తగ్గించాడు.

"నిజం సెప్పు బాబూ. కిడ్నీ అమ్మీసినావా?"

"ఏంటి?"

"సంతలో ఒకడు సెప్పినాడు. పట్నంలో పొట్ట కోసి తీసీసుకుంతారంట. మచ్చలు సూసినాను. ఆ పొద్దు నుంచే నీరసించిపోతన్నావు. ఎవులు తీసీసుకున్నారు?"

పిచ్చి ముసలాడివి అని అరిచేసి వచ్చేశాను. అలా అరిచినందుకు ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

మరో నాలుగు రోజులకు, ప్రార్థన సమయంలో పిల్లల వరసల ముందు పడిపోయాను. స్పృహ ఉంది కానీ మాటలు దూరంగా వినిపిస్తున్నాయి. ఎదురుగా ఇద్దరు హెడ్మాస్టర్లు కనిపిస్తున్నారు. ఇద్దరూ ఒకేసారి, "గదిలో పడుకోబెట్టండి, మజ్జిగ పట్టండి, దిగిపోతే లేస్తాడు" అన్నారు. ఎవరో నా రెక్కలు పట్టుకున్నారు. అప్పుడే కుండలు అక్కడే వదిలేసి తాత పరిగెత్తుకొచ్చాడట. చెట్టు మీంచి బడి మైదానం కూడా కనిపిస్తుంది మరి.

"మత్తు కాదు బాబూ ఇది. మూతి వాసన సూడండి. బేగి ఆటో పిలండి."

"నీ కల్లే కదయ్యా" అన్నారు హెడ్మాస్టరు గారు.

"నా కల్లైతే నానెందుకు పరుగెట్టుకొత్తాను?"

నన్ను మోసుకుంటూ రోడ్డుదాకా దించారు. ఆటోలో హెడ్మాస్టరు గారు ముందు, తాత నా తల ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నారు. దారి పొడుగునా తాత డ్రైవర్ని ఎటు తీసుకెళ్తున్నావని అడుగుతూనే ఉన్నాడు. ఆయన అరచేతి గరుకు నా నుదుటి మీద తెలుస్తూనే ఉంది.

ఆస్పత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చింది. హెడ్మాస్టరు గారు పక్కకు తీసుకెళ్లి జీలుగు గురించి చెప్పారు. నర్సు గ్లూకోజు సీసా వేలాడదీస్తోంది. తాత ఆ సీసాకు అడ్డంగా నిలబడ్డాడు.

"అది కాదు తల్లీ. ఈ బాబు కిడ్నీ అమ్మీసినాడు. సొక్కా ఎత్తి సూడు."

హెడ్మాస్టరు గారు నుదురు కొట్టుకున్నారు. డాక్టరమ్మ నవ్వలేదు. చొక్కా ఎత్తి ఆ అయిదు మచ్చల్నీ వేలితో ఒక్కొక్కటిగా తాకింది.

"ఏం ఆపరేషన్ అయిందండీ మీకు?"

ప్రాణం మీదికి వచ్చిందని నాకు తెలుసు. అయినా హెడ్మాస్టరు గారు వింటున్నారు, తాత వింటున్నాడు. "గాల్ బ్లాడర్లో రాళ్లు" అన్నాను.

డాక్టరమ్మ రాసుకోబోయింది. తాత నా మీదికి వంగాడు. ఎడమ కన్ను సగం మూసుకుంది. చాలా మెల్లగా, చిన్నపిల్లవాణ్ణి అడిగినట్టు, "అలాగంతావా బాబూ?" అన్నాడు.

నాకు దుఃఖం ఆగలేదు. అంతా చెప్పేశాను. కడుపు తగ్గించుకున్న సంగతి, రెండు నెలలుగా అవుతున్న వాంతులు, మానేసిన బిళ్ళలు, ట్రంకు పెట్టె అడుగున కాగితం. డాక్టరమ్మ సీసా ఆపించి ముందు విటమిన్ బీ ఒకటి ఇంజక్షన్ తెమ్మంది. నా కళ్ల ముందు వేలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ ఆపరేషన్ అయ్యాక ఇన్నాళ్లు వాంతులు అవుతుంటే ఒంట్లో బీ ఒకటి అయిపోతుందండీ. కళ్లు, కాళ్లు, చివరికి మెదడు దెబ్బతింటాయి. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే ఇంకా ముదురుతుంది. ఈ తాత చెప్పబట్టి సరిపోయింది."

తాత ఆవిడ వంక అనుమానంగా చూశాడు. "మరి కిడ్నీ ఉన్నాదా?"

"రెండూ ఉంటాయి తాతా. ఈ జబ్బుకి వాటితో సంబంధం లేదు."

"అలాగంతావా తల్లీ" అన్నాడు. అని నర్సు తెచ్చిన ఇంజక్షన్ వంక చూస్తుంటే, ముందు ఆమెను పొడుచుకోమంటాడేమోనని నాకు కంగారు పుట్టింది. అనలేదు. నా చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

విశాఖపట్నం పంపారు. కోసి కుట్టిన గొట్టం ఒకచోట మరీ బిగుసుకుపోయిందట, దాన్ని వెడల్పు చేశారు. అన్నం దిగింది. చూపు వారంలో చక్కబడింది. కాళ్లకు మాత్రం నెలలు పట్టింది. వేసవి సెలవుల తర్వాత చేతికర్ర పట్టుకుని వస్తే, తాత మలుపు దగ్గర దారికడ్డంగా బూడిద చల్లి ఉంచాడు.

"నడు."

నడిచాను. వంగి చూశాడు. "ఎడమ కాలు ఇంకా అబద్దమాడతాంది" అన్నాడు. ప్రతి శుక్రవారం అలాగే నడిపించాడు. దీపావళి దాటాక ఒకరోజు వంగి చూసి, ఏమీ అనకుండా చీపురుకట్టతో ఆ బూడిద చిమ్మేశాడు. ఆ రోజు నుంచి కర్ర వదిలేశాను.

ఆ రోజే టీ పోసుకుంటూ ఆయనకు అంతా మళ్లీ చెప్పాను. తిండి ఆపుకోలేకపోయానని, తలుపేసుకుని తిన్నానని, సిగ్గుతో దాచానని. చాలాసేపు విన్నాడు.

"గుంటల గుడ్లు తిన్నేదా మరి?"

"లేదు తాతా."

కన్ను మూస్తాడని చూశాను. మూయలేదు. "సరే" అన్నాడు. అన్నేళ్లలో ఆయన నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే. ఇంటికి వచ్చి ఏడ్చాను.

కిందటేడు వానలు మొదలయ్యే ముందు ఆయన పోయాడు. నేను ఊళ్లో లేను, సెలవులకు వెళ్లాను. తిరిగి వచ్చాక మనవరాలు చెప్పింది.

"సలికాలం నుంచీ ముద్ద దిగనేదు మేస్టారూ. మాకూ సెప్పనేదు. గంజి కూడా ఎనక్కి వచ్చీసీదంట, దొంగసాటుగా కక్కుకునీవోడు. పెద్దాసుపత్రికి తీసుకెల్తే అన్నం దిగీ గొట్టంలో గెడ్డ అన్నారు. ఆలీసం అయిపోనాదన్నారు."

అడగకుండానే ఆమె మరో మాట అంది. "మీకు సెప్పొద్దన్నాడు. మేస్టరు బాబు కనిపెట్టీత్తాడు, ఆయన ముందర జాగరత్త అనీవోడు."

నేను కనిపెట్టేస్తానని ఆయన అనుకున్నాడు. ఆ చలికాలమంతా వారానికోసారి ఎదురెదురుగా కూర్చున్నాం. మెడ దగ్గర ఎముకలు తేలడం చూశాను. కుండ ముడిలో మెలిక వేయడం మానేశాడని చూశాను. ముసలితనం అనుకున్నాను, చలి అనుకున్నాను. నాకు దెబ్బ తగిలిన చోటే మళ్లీ అదే సాకు చెప్పుకున్నాను.

ఒక శుక్రవారం నేను ముందు తాగి గ్లాసు అందించాను. ఆయన నా గొంతు వంక చూడలేదు. అప్పుడే అనుమానం రావలసింది. గ్లాసు పెదవులకు ఆనించి కాసేపు అలాగే పట్టుకున్నాడు. నేను ఫ్లాస్కు మూత బిగిస్తుండగా పక్కకు ఒంపేశాడు. తల తిప్పేసరికి చెట్టు మొదట్లో బూడిద మీద టీ మరక నల్లగా పాకుతోంది. పిట్ట తాగినట్టు పెదవులు తడుపుకుని గ్లాసు దించడం ఎలాంటిదో ఈ కొండ మీద నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"ఏం తాతా, తాగలేదా?"

"పళ్లు జివ్వుమంతన్నాయి బాబూ" అన్నాడు. అని, నా మొహం వంక చూస్తూ కూర్చున్నాడు. నేను ఏమంటానో అని ఎదురు చూశాడని ఇప్పుడు అనిపిస్తోంది. అలాగంటావా తాతా అని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేసేవాడేమో. ఆస్పత్రి మంచం మీద నేను చెప్పేసినట్టు.

బడి గంట వినిపించింది. "సరే తాతా, లవంగం పెట్టుకో" అని చెప్పి, ఫ్లాస్కు తీసుకుని బడికి వెళ్లిపోయాను.